కారుతున్న షవర్ గోడ మళ్ళీ కట్టేటప్పుడు: పైన ఏ టైల్ వేయాలి, దానికన్నా ముందు లోపల ఏం వేయాలి

మన పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం వైపు ఇళ్ళలో వానాకాలం వచ్చిందంటే ఇదే గొడవ, బాత్‌రూమ్ గోడ అవతల పక్క బెడ్‌రూమ్‌లో రంగు పొంగి రాలుతోందనో, కింద అద్దెకున్న వాళ్ళ సీలింగ్ మీద మరక రోజురోజుకీ పెద్దదవుతోందనో. అప్పుడు చాలామంది ఏం చేస్తారంటే ఒక ఆదివారం టైల్స్ షాపుకి వెళ్ళి మంచి డిజైన్ ఒకటి చూసి అడ్వాన్స్ ఇచ్చేసి వచ్చి, ఆ తరవాత మేస్త్రిని పిలుస్తారు. నేను చెప్పేది ఏటంటే ఈ వరస పూర్తిగా తిరగబడాలి. గోడ మీద కనిపించే టైల్ నీటిని ఆపదండి, టైల్‌కి టైల్‌కి మధ్య ఉన్న సిమెంటు గీత (గ్రౌట్ అంటారు) అసలే ఆపదు, ఆపేది వాటి వెనకాల మనకి కనిపించకుండా ఉండే పూత. ఆ పూత సరిగా పడితే పైన మామూలు టైల్ వేసినా గోడ పొడిగా ఉంటాది, ఆ పూత లేకపోతే ఎంత ఖరీదైన ఇటాలియన్ మార్బుల్ వేసినా రెండో వానాకాలానికి మళ్ళీ అదే మరక.

తగలగొట్టే ముందు లీకు ఎక్కడిదో తేల్చుకోండి. ఇది తొందరపడే పని కాదు. నీరు పైపులోంచి రావచ్చు, నహానీ ట్రాప్ (నేల మీద నీళ్ళు బయటికి పోయే జాలీ కన్నం) చుట్టూ దిగొచ్చు, లేదా షవర్ నీళ్ళు గోడలోంచే ఇంకొచ్చు, మూడింటికీ మందు వేరు. ముందు ఆ బాత్‌రూమ్ రెండు రోజులు ఎవరూ వాడకండి, కానీ ట్యాంకు వాల్వు మాత్రం తెరిచే ఉంచండి. వాడకపోయినా చెమ్మ పెరుగుతూనే ఉంటే పైపు జాయింటు కారుతోందని అర్థం, వేడినీళ్ళ లైన్‌ని ముందు అనుమానించండి. చెమ్మ ఆగిపోతే, ట్రాప్‌లో గుడ్డ కుక్కి మూసేసి నేల మీద అంగుళం లోతు నీళ్ళు నిలబెట్టి ఒక రోజు చూడండి, కింద దిగితే లోపం నేలలోనో ట్రాప్ దగ్గరో ఉంది. అదీ కాకపోతే ట్రాప్ తెరిచేసి, షవర్ గోడ మీదకి తిప్పి అరగంట వదలండి. ఈ మూడింట్లో ఏ దెబ్బకి చెమ్మ వస్తాదో అదే దొంగ.

నాలుగోది ఒకటుంది, మన వైపు దీన్ని మర్చిపోతారు. బయటి గోడకి పగులు ఉంటే వాన నీరు లోపలికి వచ్చి అదే చోట మరక కడతాది, మనం షవర్‌ని తిడుతూ కూర్చుంటాం. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వాన పైనించి కాదు అడ్డంగా కొట్టింది, ఆ గాలివానల తరవాత సన్న పగుళ్ళు పట్టిన బయటి గోడలు ఉన్న ఇళ్ళలో ఇప్పటికీ ఈ తికమక ఉంది. మరక వాన పడ్డ రోజుల్లోనే వస్తోందా, స్నానాలు చేసిన రోజుల్లో వస్తోందా అన్నది క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుంటే తేలిపోతాది. బయటి గోడదయితే బాత్‌రూమ్ ముట్టుకోనక్కర్లేదు.

సరే, షవర్ గోడే అని తేలింది అనుకుందాం. టైల్ ఒక్కటే ఊడదీసి పాత ప్లాస్టరింగ్ మీదే కొత్తది వేసేస్తాం, లేదా పాత టైల్ మీదే కొత్త టైల్ అతికించేస్తాం అని మేస్త్రి అంటే ఒప్పుకోకండి. కారని బాత్‌రూమ్‌లో అందం కోసం అయితే టైల్ మీద టైల్ ఫర్వాలేదు గానీ కారే గోడలో చెమ్మ లోపల ఇరుక్కుపోయి ఉంది, దాన్ని రెండు పొరల కింద పాతిపెట్టినట్టే అవుతాది. షవర్ తగిలే గోడలు, వాటికి అటూ ఇటూ ఒక్కో అడుగు, ఇటుక కనిపించే దాకా ప్లాస్టరింగ్‌తో సహా కొట్టేయాలి. మిగతా గోడల మీద ఒక రూపాయి బిళ్ళతో టకటక కొట్టి చూడండి, గట్టి శబ్దం వస్తే ఉంచుకోవచ్చు, డొల్లగా వినిపిస్తే అక్కడ కూడా కొట్టేయడమే. నేల, మిగతా గోడల్లో కింద అడుగు ఎత్తు మాత్రం పూత కోసం ఎలాగూ తీయాల్సిందే.

ఇటుక బయటపడ్డాక తెల్లటి పొడిలా ఉప్పు పొంగి ఉంటే గట్టి బ్రష్‌తో పొడిగా ఉన్నప్పుడే దులిపేసి, గోడని ఆరనివ్వాలి. ఎన్నాళ్ళు అంటే గోడ చెప్పాలి. ఒక అడుగు పాలిథీన్ ముక్క తీసుకుని నాలుగు పక్కలా టేపు వేసి గోడకి అంటించి మర్నాడు చూడండి, లోపలి వైపు నీటి బొట్లు పట్టి ఉంటే ఇంకా ఆగాలి. పర్లాకిమిడి రాజుగారి కోట చుట్టుపక్కల పాత ఇళ్ళలో సున్నం పూత గోడలు, మట్టి పట్టుతో కట్టిన ఇటుక గోడలు ఇంకా ఉన్నాయి, వాటి మీద సిమెంటు నేరుగా పట్టదు, కొన్నాళ్ళకి పొరలాగా ఊడొస్తాది. అలాంటి చోట పూత పూర్తిగా దులిపి, ఇటుకల సందుల్లోకి కొంచెం తవ్వి, జాలీని మేకులతో బిగించి అప్పుడు ప్లాస్టరింగ్ చేయాలి, పలచటి పాత గోడయితే బరువైన రాయి మాట మర్చిపోండి.

పైపులు ఇప్పుడే మార్చేయండి, గోడ మళ్ళీ తెరిచే రోజు రాకూడదు. పాత జి.ఐ. (జింకు పూత ఇనుప) పైపు లోపల తుప్పు పట్టే ఉంటాది, సీపీవీసీ (వేడినీళ్ళు తట్టుకునే ప్లాస్టిక్) పైపు వేసుకుని అన్ని చివర్లూ మూసేసి ప్రెషర్ పంపు పెట్టి చూడాలి. పంపు మీటరు ముల్లు రాత్రంతా కదలకుండా ఉంటేనే పైపు కోసం గోడలో కొట్టిన గాడి మూయాలి. ప్లంబర్ "నా చేతి జాయింటు కారదు బాబూ" అంటాడు, అనుభవం ఉన్నవాడే అయ్యుండొచ్చు, అయినా పంపు పెట్టించండి.

ప్లాస్టరింగ్‌లో రెండు విషయాలు చూసుకోండి. మొదటిది ఇసక. మహేంద్రతనయ ఇసకో వంశధార ఇసకో అయితే మట్టి ఎంతుందో చూసి, జల్లెడ పట్టి వాడుకోవచ్చు, గోపాల్‌పూర్ పక్క సముద్రం మొగ దగ్గర నించి చవగ్గా వచ్చింది అంటే మాత్రం వద్దు, అందులో ఉప్పు ఉంటాది, ఆ ఉప్పు గోడలోంచి పొంగుతూనే ఉంటాది. రెండోది తడపడం. ఒక పాలు సిమెంటుకి నాలుగు పాళ్ళు ఇసక, అందులో వాటర్‌ప్రూఫ్ లిక్విడ్, డబ్బా మీద రాసినంత, చాలా కంపెనీలవి 50 కిలోల బస్తాకి 200 మి.లీ. ఉంటాయి, ఎక్కువ పోస్తే ఎక్కువ ఆగుతాదని కాదు. ప్లాస్టరింగ్ అయ్యాక ఏడు రోజులైనా రోజుకి రెండు మూడు సార్లు తడపాలి, ఎండాకాలం అయితే ఇంకా ఎక్కువసార్లు. ఈ లిక్విడ్ కలిపాం కదా ఇంక పైన పూత ఎందుకు అని చాలామంది అడుగుతారు. లిక్విడ్ మాలుని కొంచెం చిక్కబరుస్తాది అంతే, ప్లాస్టర్‌కి సన్న పగులు వస్తే దాని పని అయిపోయినట్టే.

ఇప్పుడు అసలు పూత. డబ్బాలో పాలలాంటి ద్రవం, పక్కన సంచిలో సిమెంటు పొడి, రెండూ కలిపి బ్రష్‌తో పూసే రకం, షాపులో పాలిమర్ కోటింగ్ అనో టూ కాంపొనెంట్ అనో అడిగితే ఇస్తారు. గోడకి ఇది చాలు, దీని మీద టైల్ అతికించే గమ్ కూడా బాగా పట్టుకుంటాది. నునుపుగా రబ్బరులా ఆరిపోయే పీయూ (పాలీయురెథేన్) కోటింగ్ మీద గమ్ జారిపోతాది, దాన్ని నేల కోసం వాడినా చివరి కోటు పచ్చిగా ఉండగానే సన్న ఇసక చల్లాలి. పూత పూసే ముందు గోడ నేలని కలిసే మూల, గోడకి గోడ కలిసే మూల ఈ రెండు చోట్లా మాలుతో బొటనవేలు లావున గుండ్రంగా తిప్పాలి. సూటిగా తొంభై డిగ్రీల మూల ఉంటే పూత అక్కడే విరుగుతాది, నేను చూసిన లీకుల్లో గోడ మధ్యలో పూత పోయింది తక్కువ, మూలల్లో పోయిందే ఎక్కువ. మొదటి కోటు పచ్చిగా ఉండగానే ఆ మూలల మీద, పైపు బయటికి వచ్చే చోట, ట్రాప్ చుట్టూ ఫైబర్ జాలీ పట్టీ అద్ది దాని మీద మళ్ళీ బ్రష్ తిప్పాలి, జాలీ గళ్ళు కనపడకుండా మునిగిపోవాలి. మొదటి కోటు నిలువుగా కొడితే రెండోది అడ్డంగా కొట్టమనండి, అప్పుడు మొదటి దాంట్లో వదిలేసిన చోట్లు మూసుకుంటాయి. ఎత్తు షవర్ తల కన్నా పైదాకా, అంటే ఏడడుగుల దాకా, తడవని మిగతా గోడలకి అడుగు ఎత్తు, నేల మొత్తం. నేల పూతకీ గోడ పూతకీ మధ్య గీత పడకూడదు, ఒకటే తొడుగులా ఉండాలి.

పూత ఆరాక ట్రాప్ మూసేసి 48 గంటలు నీళ్ళు నిలబెట్టండి, గోడ మీద నీటి మట్టం దగ్గర పెన్సిల్ గీత గీయండి. కింద ఇంట్లో వాళ్ళని రెండు పూటలా సీలింగ్ చూడమనండి. ఇక్కడ పాసైతేనే టైల్స్ బిల్లు కట్టండి.

ఇంక పైన ఏం వేయాలి అన్న మాటకి వద్దాం. మామూలు సిరామిక్ వాల్ టైల్, అడుగు వెడల్పు రెండడుగుల పొడవుది, షాపుల్లో 300 బై 600 అంటారు, నా మట్టుకు షవర్ గోడకి దీన్నే ముందు చెప్తాను. ఇది తేలిగ్గా ఉంటాది, కోయడం సులువు, డయవర్టర్ (గోడలో ఉండే షవర్ కుళాయి) కోసం గుండ్రటి కన్నం పెట్టినా పగలదు, గమ్ గట్టిగా పట్టుకుంటాది. దీని వెనక మట్టి శరీరం నీళ్ళు బాగా పీలుస్తాది, బరువులో పది శాతం పైనే, అందుకే కొందరు షవర్‌కి పనికిరాదంటారు. పైన గాజు పూత ఉంది కదా, వెనక మన కోటింగ్ ఉంది కదా, మధ్యలో ఆ పీల్చే గుణమే గమ్‌ని పట్టుకోడానికి సాయం చేస్తాది. దీన్ని నేల మీద మాత్రం వేయకండి.

విట్రిఫైడ్ టైల్ (బాగా కాల్చి గాజులా గట్టిపరిచినది) అయితే నీరు దాదాపు పీల్చదు, గట్టిది, ఏళ్ళ తరబడి కొత్తగానే ఉంటాది. కానీ పీల్చదు కాబట్టే మామూలు సిమెంటు దీనికి అంటుకోదు. మన వైపు ఇంకా చాలామంది మేస్త్రులు టైల్ వెనకాల ఐదు ముద్దల సిమెంటు పెట్టి గోడకి తోసేస్తారు, విట్రిఫైడ్‌ని అలా వేస్తే ఒకరోజు దానంతటదే ఊడి కాళ్ళ మీద పడతాది. మీ మేస్త్రి గమ్ పని తెలిసినవాడు కాకపోతే విట్రిఫైడ్ జోలికి పోకండి.

ఇప్పుడు అందరూ అడిగేది రెండడుగుల నాలుగడుగుల పెద్ద పలక. చూడ్డానికి నిజంగానే బాగుంటాది, గీతలు తక్కువ. మూడడుగుల వెడల్పు ఏడడుగుల ఎత్తు గోడ తీసుకుంటే 300 బై 600 టైల్స్ పదకొండు దాకా పడతాయి, పెద్ద పలకలైతే మూడు చాలు, అదే నాలుగంగుళాల చిన్న టైల్స్ అయితే దాదాపు 190 ముక్కలు. గీతలు తక్కువైతే తోమేది తక్కువ, నీరు దూరే దారి తక్కువ. కానీ పలక ఒక్కోటి 15 కిలోల దాకా ఉంటాది, ఇద్దరు పట్టుకుని గోడకి అదమాలి, గోడ ఏ మాత్రం వంకరున్నా పలక ఒక మూల గాల్లో ఉండిపోతాది. మన ఇళ్ళ గోడలు గుండు కట్టి చూస్తే ఏడడుగుల్లో అరంగుళం ముప్పావంగుళం తేడా రావడం మామూలే. కొత్త ప్లాస్టరింగ్‌లో ఆ తేడా సరిచేయించగలిగితే పెద్ద పలక వేసుకోండి, లేకపోతే వద్దు. చిన్న చిన్న మొజాయిక్ ముక్కలు షవర్ నేలకి మంచివి, వాలు చక్కగా వస్తాది, కాలు జారదు. గోడ మొత్తం వేస్తే ఆ గీతల్లో నాచు తోమలేక చేతులు పోతాయి, ఒక పట్టీ వరకూ సరదా తీర్చుకోవచ్చు.

రాయి సంగతి. టెక్కలి నీలి గ్రానైట్ మనకి పక్కనే దొరుకుతాది, ఎక్కడెక్కడి దేశాలకో ఎగుమతయ్యే రాయి అది, షవర్‌లో చాలా బాగా పనికొస్తాది. 18 మి.మీ. పలక చదరపు అడుగుకి నాలుగున్నర కిలోల పైన తూగుతాది కాబట్టి పూర్తి గోడకి కాకుండా నేల నించి మూడడుగుల దాకా వేసి, పైన టైల్ వేసుకుంటే బాగుంటాది. బకెట్, చెంబు, స్టూలు అన్నీ కొట్టుకునేది ఆ మూడడుగుల్లోనే, టైల్ అంచులు పెచ్చులూడేది అక్కడే, గ్రానైట్‌కి ఏమీ కాదు. మార్బుల్‌ని మాత్రం షవర్‌లో పెట్టకండి. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ ఒక్క చుక్క పడితే మెరుపు పోయి తెల్ల మచ్చ పడతాది, నూనె పీల్చుకుంటాది, మన ఇళ్ళలో తలంట్లు ఆగవు, యాసిడ్ కూడా ఆగదు. కడప రాయి పొరలు పొరలుగా ఉంటాది, అల్మారాకి సరే, రోజూ తడిచే గోడకి నేను వేయించను.

పీవీసీ ప్యానెల్స్ గురించి ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు, ఒక్క రోజులో గోడ కొత్తగా అయిపోతాదని. తడి గోడ మీద ఫ్రేము కొట్టి ప్యానెల్ బిగిస్తే వెనకాల గాలి ఆడని చీకటి సందు తయారవుతాది, బూజు, బొద్దింకలు అక్కడే కాపురం పెడతాయి, కారేది కారుతూనే ఉంటాది, మనకి కనపడదంతే. ఫ్రేము మేకులు కోటింగ్‌కి కన్నాలు కూడా పెడతాయి. వాష్‌బేసిన్ పక్క పొడి గోడకి వేసుకోండి, షవర్‌కి వద్దు. వాటర్‌ప్రూఫ్ పెయింట్ కూడా అంతే, ఏడడుగుల పైన మిగిలిన గోడకి, సీలింగ్‌కి బూజు పట్టని రకం కొట్టుకోవచ్చు, నీళ్ళు నేరుగా కొట్టే చోట నిలవదు. మైక్రో సిమెంట్ అని గీతలే లేని పూత ఒకటి పెద్ద ఊళ్ళలో చేస్తున్నారు, పని తెలిసినవాళ్ళు చేస్తే బాగానే ఉంటాది, కానీ గీత పడితే రిపేరుకి మళ్ళీ ఆ మనిషే రావాలి, విశాఖ నించి ఒక మూల కోసం ఎవరొస్తారు చెప్పండి.

రంగు, మెరుపు ఎంచుకునేటప్పుడు షాపులో లైట్ల కింద చూసి నిర్ణయించకండి, మీ బోరు నీళ్ళని అడగండి. శాంపిల్ టైల్ ఒకటి ఇంటికి తెచ్చుకుని మీ బోరు నీళ్ళు చల్లి ఎండలో ఆరబెట్టండి, తుడవకండి, ఆరగానే మళ్ళీ చల్లండి, నాలుగైదు రోజులు అలా చేయండి. నీళ్ళలో సున్నం ఉంటే నల్లటి మెరిసే టైల్ మీద తెల్ల చుక్కలు ముగ్గు చల్లినట్టు తేలిపోతాయి. ఒడిశాలో చాలా చోట్ల బోరు నీళ్ళలో ఇనుము ఎక్కువ, బకెట్ అడుగున ఎర్రగా చారలు పట్టే ఇళ్ళ వాళ్ళకి ఈ సంగతి తెలుసు, అలాంటి చోట పాల తెలుపు టైల్ ఆరు నెలల్లో టీ రంగుకి వస్తాది. అందుకే లేత బూడిద, గంధం రంగు, ఇసక రంగు ఇలాంటివి పెట్టుకుంటే రెండు రకాల నీళ్ళకీ తట్టుకుంటాయి. గరుకుగా రాయిలా ఉండే మ్యాట్ టైల్ గోడకి వద్దు, సబ్బు జిడ్డు, సున్నిపిండి ఆ గుంటల్లో దిగిపోతాయి. పూర్తి మెరుపూ కాదు పూర్తి గరుకూ కాదు, సాటిన్ ఫినిష్ అని ఉంటాది, చేత్తో రుద్దితే జారుతూ ఉండాలి, అది తీసుకోండి. నేలకి మాత్రం గరుకుదే, ఇంట్లో పెద్దవాళ్ళున్నారు కదా.

పసుపు సంగతి వేరే చెప్పాలి. పెళ్ళి స్నానాలు, బాలింత స్నానాలు, పండగ తలంట్లు, పసుపు నీళ్ళు గోడ మీద పడకుండా ఏ ఇంటి ఆడవాళ్ళూ స్నానం చేయించలేరు, ఆపమనడం కూడా తప్పు. టైల్ మీద పసుపు కడిగితే పోతాది, తెల్ల సిమెంటు గీతలో పడితే జన్మలో పోదు. హెన్నా, తలరంగు కూడా అంతే. అందుకే షవర్ గోడకి ఎపాక్సీ గ్రౌటే (సిమెంటు బదులు రెసిన్ జిగురుతో చేసేది) వేయమంటాను, సిమెంటు గ్రౌట్ కన్నా ధర బాగా ఎక్కువే, కానీ షవర్ గోడల వరకూ పట్టేది కొంచెమే. అది నీళ్ళు పీల్చదు, పసుపు లోపలికి దిగదు, యాసిడ్ కడుగుళ్ళకి సిమెంటు గ్రౌట్ లాగా అరిగిపోదు. వేసేటప్పుడు కొంచెం కొంచెమే కలపాలి, మన ఎండలకి త్వరగా బిగుసుకుపోతాది, ఒక గోడ వేసిన వెంటనే తడి స్పాంజితో తుడిచేయాలి, మర్నాడు తుడుద్దాం అనుకుంటే టైల్ మీద జిడ్డు పొర శాశ్వతంగా ఉండిపోతాది. గ్రౌట్ వేయించే రోజు మీరు దగ్గరుండండి.

గమ్‌కి వస్తే, సంచి మీద ఐ.ఎస్. 15477 (టైల్ గమ్‌కి భారత ప్రమాణం నంబరు) అని ఉందా చూడండి, సిరామిక్‌కి టైప్ 1 సరిపోతాది, విట్రిఫైడ్‌కి టైప్ 2, రాయికీ పెద్ద పలకలకీ అంతకన్నా పై రకం. పళ్ళున్న తాపీతో గోడ మీద ఒకే దిక్కుకి గీతలు గీస్తూ పరవాలి, పెద్ద టైల్ అయితే వెనక కూడా పలచగా రాయాలి, పెట్టాక గీతలకి అడ్డంగా అటూ ఇటూ కొంచెం జరుపుతూ అదిమితే గీతలు నలిగి గాలి బయటికి పోతాది. మూడో నాలుగో టైల్ పెట్టగానే దాన్ని వెంటనే ఊడదీయమనండి. వెనక మొత్తం గమ్ అంటి ఉండాలి, పొడిగా మచ్చలు కనిపిస్తే పళ్ళ సైజు పెంచాలి, లేదా గమ్ మరీ ఆరిపోయాక పెడుతున్నారని. మేస్త్రికి కొంచెం కోపం వస్తాది, ఫర్వాలేదు, టీ తాగిద్దాం. టైల్స్ మధ్య రెండు మూడు మి.మీ. సందు స్పేసర్లు పెట్టి వదలాలి, సందే లేకుండా ఆనించి వేస్తే అందులోకి గ్రౌట్ దిగదు, వెంట్రుకవాసి సందులోంచి నీళ్ళు మాత్రం దిగుతాయి.

మూలల్లో గ్రౌట్ వద్దు. గోడ నేలని కలిసే చోట, గోడ గోడని కలిసే చోట ఇల్లు ఎండకి వానకి కొంచెం కదులుతూనే ఉంటాది, గ్రౌట్ అక్కడ పగులుతాది. ఆ సందులు ఖాళీగా వదిలి, పూర్తిగా ఆరాక బూజు పట్టని శానిటరీ సిలికాన్ నింపించండి. నాలుగైదేళ్ళకి అది నల్లబడితే కోసి మళ్ళీ వేసుకోవచ్చు, చిన్న పని. షాంపూ పెట్టుకునే గూడు కావాలంటే దాని లోపల కూడా కోటింగ్, జాలీ పడాలి, అడుగున గ్రానైట్ ఒకే ముక్క వేసి ముందుకి కొంచెం వాలు ఇవ్వాలి, వీలైతే బయటి గోడలో పెట్టకండి. గీజర్, టవల్ రాడ్డు కన్నాలు టైల్స్ అయ్యాక పెడతారు కదా, ప్రతి కన్నమూ మన పూతకి తూటే, బోల్టు బిగించే ముందు కన్నంలో సిలికాన్ నింపి అప్పుడు బిగించమనండి. డయవర్టర్ పళ్ళెం వెనక చుట్టూ కూడా సిలికాన్ గీత, కింది వైపు మాత్రం చిన్న సందు వదిలితే లోపల చేరిన చుక్క బయటికొస్తాది. గోపాల్‌పూర్, ఛత్రపురం లాంటి సముద్రం గాలి తగిలే ఊళ్ళలో మేకులు, బోల్టులు స్టెయిన్‌లెస్‌వే వాడాలి, లేకపోతే తుప్పు నీళ్ళు గోడ మీద కారతాయి.

కొలిచిన దానికన్నా పది శాతం ఎక్కువ టైల్స్ కొనండి, పెట్టెల మీద బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు అన్నింటికీ ఒకటే ఉందా దించుకునేటప్పుడే చూడండి, ఎక్కువ సరుకు గుజరాత్ మోర్బీ నించి వచ్చేదే, ఒకసారి ఆ లోడు అయిపోతే అదే షేడ్ మళ్ళీ దొరకదు.

మేస్త్రితో కూలి మాట్లాడుకునేటప్పుడు వాటర్‌ప్రూఫింగ్‌ని టైల్స్‌తో కలిపి చదరపు అడుగు రేటుకి ఇవ్వకండి. అడుగుల లెక్కన ఇస్తే ఎవరైనా తొందరగా టైల్స్ మీదకి వెళ్ళాలనే చూస్తారు, అది వాళ్ళ తప్పు కాదు, రేటు అలా ఉంది. ప్లాస్టరింగ్, కోటింగ్ రోజు కూలి మీద, టైల్స్ అడుగుల మీద. మేస్త్రి ఒడియా ఆయనైతే "పాణి గళుచ్చి" (నీళ్ళు కారుతున్నాయి) అని చెప్పి ఊరుకోకుండా పైన చెప్పిన వరస కాగితం మీద బొమ్మ గీసి ఇవ్వండి, ఏ రోజు ఏది అని, గోడకి అంటించేస్తే ఇద్దరికీ తగువు ఉండదు.

పని మొదలుపెట్టడానికి సంక్రాంతి దాటాక మంచి సమయం, గోడలు ఆరతాయి, ఎండలు ముదరక ముందే గ్రౌట్ అయిపోతాది. వానల్లో మొదలుపెడితే గోడ ఆరక నెల గడిచిపోతాది. సిలికాన్ వేశాక ఒక రోజు పూర్తిగా నీళ్ళు తగలనివ్వకండి, ఎపాక్సీ గట్టిపడ్డానికి వారం పడతాది, ఆ వారం ఇంట్లో అందరూ ఇంకో బాత్‌రూమ్‌లోనో పెరటి నూతి దగ్గరో స్నానాలు కానివ్వండి, మొదటి నెల యాసిడ్ వాడకుండా మామూలు సబ్బు నీళ్ళతోనే కడగండి.